ఏడుగురున్న ఆఫీసుకు ఏ యాంటీవైరస్ కొనాలి? కొనే ముందు ఇవి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఆఫీసులో ఏడుగురు, ఐదు కంప్యూటర్లు, లెక్కలన్నీ ఒకే కంప్యూటర్లో. ఐటీ మనిషంటూ ఎవరూ లేరు. తెలిసినవాళ్ళ ఆఫీసులో వైరస్ వచ్చి ఫైళ్ళన్నీ పోయాయట. ఏ యాంటీవైరస్ కొంటే నిశ్చింతగా ఉండొచ్చు, ఉచితంగా వచ్చేది సరిపోదా అని.

సూటిగా చెప్పేస్తాను. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ మీకు చాలు, దాన్ని ఎవరూ ఆపేయకుండా చూసుకోండి. యాంటీవైరస్ కోసం పక్కన పెట్టిన డబ్బుతో రెండు బయటి హార్డ్ డిస్కులు కొనండి. ఆపైన ఈ వారంలోనే మూడు పనులు: పని అయ్యాక ఊడదీసి దాచే బ్యాకప్, ఆఫీసు మెయిల్‌కు రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లోని కోడ్ కూడా అడిగేది), బ్యాంకు ఖాతా మారిందని మెయిల్ వస్తే ఫోన్ చేసి కనుక్కోకుండా పైసా పంపకూడదన్న నియమం. పదిహేనేళ్ళుగా చిన్న చిన్న ఆఫీసుల కంప్యూటర్లు చూసుకుంటున్నాను. పీకల మీదికి వచ్చిందని నాకు ఫోన్ వచ్చిన ప్రతిసారీ ఈ మూడింట్లో ఏదో ఒకటి లేదు. యాంటీవైరస్ మాత్రం దాదాపు అందరి దగ్గరా ఉంది, కొందరి దగ్గరైతే రెండేసి ఉన్నాయి (అలా పెట్టకండి, ఒకదాన్నొకటి అడ్డుకుని కంప్యూటర్ నత్తలా నడుస్తుంది).

యాంటీవైరస్ ఉన్నా ఎందుకు మునుగుతారంటే, అది చేసేది తెలిసిన దొంగను గుమ్మం దగ్గర గుర్తుపట్టే పని. మీ గుమాస్తాయే పాస్‌వర్డ్ టైపు చేసి ఇచ్చేస్తే, మీరే డబ్బు పంపేస్తే, అది ఏం చేస్తుంది పాపం. అందుకని కొత్త ఆఫీసుకు వెళ్ళినప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న వైరస్ గురించి కాదు. "రేపు పొద్దున లెక్కల కంప్యూటర్ ఆన్ కాలేదనుకోండి, పదకొండింటికి మీరంతా ఏం చేస్తుంటారు?" అని అడుగుతాను. డిస్కు చచ్చిపోవచ్చు, ఎవరో నీళ్ళు ఒలకబోయొచ్చు, లాప్‌టాప్ పోవచ్చు. కారణం ఏదైనా, ఒక మనిషి చేసిన ఒక తప్పుకు ఆఫీసు మొత్తం ఆగిపోకూడదు. కింద రాసిందంతా దానికోసమే.

బ్యాకప్ సంగతి

ఒక సోమవారం పొద్దున ఫోన్. "ఫైళ్ళన్నీ తెల్లగా అయిపోయాయండీ, ఏది నొక్కినా తెరుచుకోవట్లేదు" అని. వెళ్ళి చూస్తే ప్రతి ఫైలు పేరు చివరా ఐదారు పిచ్చి అక్షరాలు చేరి ఉన్నాయి. ప్రతి ఫోల్డర్లోనూ ఒక నోట్‌ప్యాడ్ ఫైలు, డబ్బు కడితే తాళం ఇస్తామని. ర్యాన్సమ్‌వేర్ అన్నమాట. లెక్కలు చూసే ఆయన మాత్రం ధైర్యంగానే ఉన్నారు. "మనం రోజూ బ్యాకప్ తీస్తాం కదండీ" అంటూ సీపీయూ వెనక్కి వంగి చూపించారు. యూఎస్‌బీకి తగిలించిన డిస్కు, వైరు మీద వేలెడు దుమ్ము. రెండేళ్ళుగా దాన్ని ఎవరూ ఊడదీయలేదు. విడిగా లినక్స్‌తో నడిచే లాప్‌టాప్‌కు పెట్టి తెరిచాను. అందులోనూ అవే పిచ్చి అక్షరాలు. ఆయన ఇంకేం మాట్లాడలేదు, వెళ్ళి కుర్చీలో కూర్చుండిపోయారు.

కంప్యూటర్‌కు ఏది తగిలించి ఉంటే అది ఆ కంప్యూటర్లో భాగమే. పెన్ డ్రైవైనా, నెట్‌వర్క్‌లో పంచుకున్న ఫోల్డరైనా ర్యాన్సమ్‌వేర్‌కు అందులో తేడా ఏమీ ఉండదు. ఆ ఆఫీసును చివరికి కాపాడింది బీరువాలో మరిచిపోయిన పాత డిస్కు. అందులో మూడు నెలల కిందటి డేటా ఉంది. ఆ మూడు నెలల బిల్లులూ కాగితాల మీంచి ఇద్దరు కూర్చుని పదకొండు రోజులు టైపు చేశారు.

పెద్దవాళ్ళ కథ కూడా ఇంతే. 2017 జూన్‌లో నాట్‌పెట్యా దాడి జరిగినప్పుడు మర్‌స్క్ అనే మహా పెద్ద ఓడల కంపెనీకి ప్రపంచవ్యాప్తంగా సర్వర్లు పోయాయి. నెట్‌వర్క్ మొత్తానికి ప్రాణంలాంటి డొమైన్ కంట్రోలర్ల (ఎవరు లోపలికి రావచ్చో చూసే సర్వర్ల) కాపీ ఒకే ఒక్కటి మిగిలింది, ఘానాలో. అదైనా ఎందుకు మిగిలిందంటే, ఆ సమయానికి అక్కడ కరెంటు పోయి ఆ సర్వర్ నెట్‌వర్క్‌లో లేదు. వాళ్ళకు అదృష్టవశాత్తూ దక్కిన ఆ ఊడిపోయిన కాపీనే మీరు కావాలని పెట్టుకోవాలి.

ఎలాగంటే: రెండు డిస్కులకూ స్టిక్కర్ అంటించి ఒకటి, రెండు అని రాయండి. ఈ వారం ఒకటోది, వచ్చే వారం రెండోది. సాయంత్రం తగిలించి కాపీ అవ్వగానే ఊడదీయండి. ఏదో ఒకటి ఎప్పుడూ ఆఫీసు బయట ఉండాలి, ఎందుకంటే నిప్పుకూ దొంగకూ పాస్‌వర్డ్‌తో పని లేదు. బయటికి వెళ్ళే డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేనట్టు చేసి, పంపండి. మూడు కాపీలు, రెండు రకాల చోట్లు, ఒకటి బయట అని ఈ వృత్తిలో ఒక పాత లెక్క ఉంది. మీరు పనిచేసే ఫైలే మొదటి కాపీ, కాబట్టి మీకు కావలసింది ఇంకో రెండే.

"మాది అంతా క్లౌడ్‌లో ఉందండీ" అంటారు చాలామంది. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్‌లాంటివి సింక్ చేస్తాయి. మీరు ఇక్కడ తుడిస్తే అక్కడా తుడిచేస్తాయి, ఇక్కడ ఫైలు పాడైతే పాడైనదాన్నే పైకి పంపిస్తాయి. పాత వెర్షన్లకు వెళ్ళే సౌకర్యం ఉంటుంది కానీ దానికి గడువుంది, మామూలుగా 30 రోజులు. ఏడాది చివర్లో ఫైలు తెరిచి, అది ఎప్పుడో పాడైందని చూసుకుంటే ఆ గడువు ఏం పనికొస్తుంది? పైగా అన్నీ ఒకే లాగిన్ కింద పెడితే ఆ లాగిన్ పోయిన రోజు అన్నీ పోతాయి. 2014లో కోడ్ స్పేసెస్ అనే సంస్థకు అదే జరిగింది. వాళ్ళ క్లౌడ్ కంట్రోల్ పానెల్ ఒక దొంగ చేతికి చిక్కింది. వాళ్ళు దాన్ని తిరిగి లాక్కోబోతే అతను డేటానూ బ్యాకప్‌లనూ కలిపి తుడుస్తూ పోయాడు. సంస్థ మూతపడింది. క్లౌడ్ వాడండి, నేనూ వాడతాను. దానితో పాటు ఊడదీసిన డిస్కూ ఉండాలి.

ఇక అందరూ వదిలేసేది ఒకటుంది. తిరిగి తెరిచి చూడని బ్యాకప్ లెక్కలోకి రాదు. ఒక చోట బ్యాకప్ సాఫ్ట్‌వేర్ రోజూ ఆకుపచ్చ టిక్కు చూపించేది. తీరా అవసరం పడి తెరిస్తే ఎనిమిది నెలల కిందటే ఆగిపోయిన ఫైళ్ళు. ఏమైందంటే, ఎవరో స్థలం చాలక లెక్కల ఫోల్డర్‌ను సీ డ్రైవ్ నుంచి డీ డ్రైవ్‌కు మార్చారు. సాఫ్ట్‌వేర్ మాత్రం పాత ఖాళీ ఫోల్డర్‌నే శ్రద్ధగా కాపీ చేస్తూ కూర్చుంది. దాని తప్పేం లేదు. చిన్నవాళ్ళకే ఇలా జరుగుతుందనుకోకండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేస్తే, అప్పుడు తేలింది వాళ్ళ ఐదు రకాల బ్యాకప్‌లలో ఏదీ సరిగా పనిచేయట్లేదని. ఎవరో అంతకు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసుకున్న కాపీ వాళ్ళను బయటపడేసింది. కాబట్టి నెలకోసారి ఒక ఫైలు ఎంచుకుని, డిస్కులోంచి తీసి, వేరే కంప్యూటర్లో తెరిచి, నిన్నటి బిల్లు అందులో ఉందో లేదో చూడండి. పది నిమిషాల పని.

మెయిల్ పోతే అన్నీ పోయినట్టే

ఏ సైటులోనైనా "పాస్‌వర్డ్ మరిచిపోయాను" నొక్కితే లింకు ఎక్కడికి వస్తుంది? మెయిల్‌కే కదా. అంటే మెయిల్ చేతిలో ఉన్నవాడి చేతిలో మిగతావన్నీ ఉన్నట్టు. అందుకే ముందు దానికి రెండంచెల లాగిన్ పెట్టమంటాను. ఎస్ఎంఎస్‌లో వచ్చే కోడ్ కన్నా ఫోన్‌లోని అథెంటికేటర్ యాప్ నయం. ప్రతి 30 సెకన్లకూ మారే 6 అంకెలు అందులోనే పుడతాయి, సిమ్ నకలు తీసుకున్నవాడికి దొరకవు. కానీ ఎస్ఎంఎస్ తప్ప ఇంకేదీ కుదరదంటే ఎస్ఎంఎస్‌నే పెట్టుకోండి, ఏదీ లేకపోవడం కన్నా వెయ్యి రెట్లు మేలు. పాస్‌కీ (పాస్‌వర్డ్ టైపు చేయకుండా మీ ఫోనో కంప్యూటరో తాళంగా పనిచేసే పద్ధతి) సౌకర్యం ఉన్నచోట అది ఇంకా మంచిది, నకిలీ సైటులో అది పనిచేయదు. యాప్ పెట్టుకున్న రోజే రికవరీ కోడ్‌లు (ఫోన్ లేకపోయినా లోపలికి వెళ్ళనిచ్చేవి) ప్రింటు తీసి బీరువాలో పెట్టండి. ఫోన్ పోగొట్టుకుని తమ మెయిల్‌లోకి తామే వెళ్ళలేక ఏడ్చినవాళ్ళను చూశాను.

ఇప్పుడు డబ్బు పోయే అసలు దారి. ఒక ఆఫీసులో సరుకు పంపే పార్టీతో నెలల తరబడి మెయిల్లో మాటలు నడుస్తున్నాయి. ఒకరోజు అదే వరుసలో జవాబు: "మా ఖాతా ఆడిట్‌లో ఉంది, ఈసారికి ఈ కొత్త ఖాతాకు పంపండి." పాత మెయిళ్ళన్నీ కింద అలాగే ఉన్నాయి, ఇన్‌వాయిస్ నంబరు సరిగ్గా ఉంది, సంతకం కింద బొమ్మ కూడా అదే. పంపేశారు. తొమ్మిది రోజుల తర్వాత అసలు పార్టీ ఫోన్ చేసి "డబ్బు ఇంకా రాలేదేం" అంది. ఆ మెయిల్ చిరునామాను నేను భూతద్దం పెట్టినట్టు చూస్తే గానీ దొరకలేదు. అసలు పేరులో 'ఎమ్' ఉన్నచోట 'ఆర్', 'ఎన్' రెండక్షరాలు పక్కపక్కన పెట్టారు. చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఆ రెండూ అతుక్కుని అచ్చం ఎమ్ లాగే కనిపిస్తాయి.

వాడికి పాత మెయిళ్ళు ఎలా దొరికాయి? వీళ్ళ మెయిల్‌లోనే దొరికాయి. పాస్‌వర్డ్ ఎప్పుడో పోయింది. లోపలికి వచ్చినవాడు తొందరపడలేదు, ఒక రూల్ పెట్టి కూర్చున్నాడు. ఆ పార్టీ నుంచి వచ్చే ప్రతి మెయిల్ ఇన్‌బాక్సులో కనబడకుండా, ఎవరూ తెరవని ఆర్ఎస్ఎస్ ఫీడ్స్ ఫోల్డర్‌లోకి జారిపోయేలా. పాస్‌వర్డ్ మార్చినా ఆ రూల్ అలాగే ఉంటుంది. ఇవాళే మీ మెయిల్ సెట్టింగులు తెరిచి రూల్స్, ఫార్వర్డింగ్ రెండూ చూడండి. మీరు పెట్టనిది ఏదైనా ఉంటే, రాసుకుని, ఫోటో తీసుకుని, తుడిచేయండి. తర్వాత అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేసి పాస్‌వర్డ్ మార్చండి.

ఇలా మోసపోయినవాళ్ళు తెలివితక్కువవాళ్ళని అనుకోకండి. 2013 నుంచి 2015 దాకా ఒక మనిషి, హార్డ్‌వేర్ సరఫరాదారు పేరుతో దొంగ ఇన్‌వాయిస్‌లు పంపి గూగుల్, ఫేస్‌బుక్‌ల నుంచే 10 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాడు. దీనికి విరుగుడు సాఫ్ట్‌వేర్‌లో లేదు. ఖాతా నంబరు మారిందంటే మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేయాలి, మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు. ఓనరుగారి నుంచి "అర్జంటు, మీటింగులో ఉన్నాను, ఫోన్ చేయకు, పంపేయ్" అని వచ్చినా ఇదే నియమం. ఇప్పుడు గొంతును కూడా నకలు చేస్తున్నారు, కాబట్టి వచ్చిన కాల్‌ను నమ్మకుండా పెట్టేసి మీరే తిరిగి చేయండి. ఇక్కడ ఓనరుగా మీ పని ఒకటుంది. అలా ఫోన్ చేసి అడిగిన ఉద్యోగిని విసుక్కోకండి. ఒక్కసారి విసుక్కుంటే రెండోసారి అడగరు.

పాస్‌వర్డ్‌లు, మనుషులు

మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చండని ఎవరో చెప్పే ఉంటారు. మానేయండి. అలా మార్చమంటే జనం చివర ఉన్న 1 తీసి 2 పెడతారు, అంతే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017లో ఊరికే గడువు పెట్టి మార్పించొద్దనే చెప్పింది. పోయిందని అనుమానం వస్తే మాత్రం వెంటనే మార్చాలి. కావలసింది పొడవు, ఆపైన ఒక్కో చోట ఒక్కోటి. సంబంధం లేని నాలుగైదు మాటలు వరుసగా పెడితే గుర్తూ ఉంటుంది, ఊహించడమూ కష్టం. అన్నీ గుర్తుండవు కాబట్టి వాటన్నిటినీ ఒకే మాస్టర్ పాస్‌వర్డ్ కింద దాచిపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి, బిట్‌వార్డెన్ గానీ కీపాస్ గానీ. వాటిమీదా దాడులు జరగవా అంటే జరుగుతాయి. 2022లో లాస్ట్‌పాస్ అనే అలాంటి మేనేజర్ నుంచి కస్టమర్ల వాల్టుల (పాస్‌వర్డ్‌లు దాచే పెట్టెల) కాపీలే పోయాయి. అవి ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి కాబట్టి మాస్టర్ పాస్‌వర్డ్ బలహీనంగా ఉన్నవాళ్ళకే ఎక్కువ ముప్పు. అందుకని ఆ ఒక్కటి గట్టిగా పెట్టుకోండి. డెస్క్‌టాప్ మీద 'పాస్‌వర్డ్స్' అని పేరు పెట్టిన ఎక్సెల్ ఫైలు కన్నా, తాళం వేసిన సొరుగులో చేత్తో రాసిన నోటుపుస్తకం నయం. నవ్వకండి, నిజంగానే చెప్తున్నాను.

మీ ఆఫీసులో అందరూ ఒకే లాగిన్‌తో పనిచేస్తున్నారని రాశారు. అది ముందు ఆపండి. ఎవరిది వారికి లాగిన్ ఉంటే, మనిషి మానేసిన రోజు సాయంత్రానికి ఆ ఒక్కటి మూసేస్తే సరిపోతుంది. మానేసినవాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, ఎవరూ వాడని లాగిన్‌ను ఎవరూ గమనించరు. 2021లో అమెరికాలో కొలోనియల్ అనే ఇంధన పైప్‌లైన్‌ను ఆపేసిన దాడి అలాంటి దారిలోనే వచ్చింది. వాడకంలో లేని పాత వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే రహస్య దారి) లాగిన్, రెండో అంచె లేదు.

నా తప్పు కూడా చెప్పాలి. మొదట్లో నేను మూడు ఆఫీసుల రూటర్లకు ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టాను, నాకు గుర్తుండాలని. ఒక చోట పనిచేసిన అబ్బాయి తర్వాత రెండో చోట చేరాడు. చేరిన రోజే సరదాగా రూటర్‌లోకి వెళ్ళి నాకే చూపించాడు. మంచివాడు కాబట్టి చూపించాడు. ఆ రాత్రే మూడూ మార్చాను.

మిగతావి త్వరగా

రోజూ పనిచేసే లాగిన్‌కు అడ్మిన్ హక్కులు ఉండకూడదు. అడ్మిన్ ఖాతా విడిగా ఉంచి, ఏదైనా ఇన్‌స్టాల్ చేసేటప్పుడే దాని పాస్‌వర్డ్ కొట్టండి. విండోస్‌లో ఫైలు ఎక్స్‌టెన్షన్లు (పేరు చివర చుక్క తర్వాత వచ్చే అక్షరాలు) కనబడేలా పెట్టండి. అప్పుడు 'ఇన్‌వాయిస్ డాట్ పీడీఎఫ్' అనుకున్నది చివర్లో 'డాట్ ఈఎక్స్ఈ' అని, అంటే ప్రోగ్రామని, బయటపడుతుంది. బయటి నుంచి వచ్చిన ఎక్సెల్ ఫైలు "ఎనేబుల్ కంటెంట్" నొక్కమంటే నొక్కకండి. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైళ్ళలో మాక్రోలను (ఆ బటన్‌తో నడిచే, ఫైలు లోపలి చిన్న ప్రోగ్రాములను) 2022 నుంచి మైక్రోసాఫ్టే ముందుగా ఆపేస్తోంది, దాన్ని కష్టపడి తెరవకండి.

క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం నేను మొహమాటపడను. ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపమని అడిగే ఫైలు ఎందుకు అడుగుతోందో ఒక్క క్షణం ఆలోచించండి. దొంగ చేతికి తాళాలివ్వడమే అది. డబ్బు లేకపోతే ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ వాడండి.

అప్‌డేట్లు వాయిదా వేయకండి. 2017 మే 12న వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మందు విడుదల చేసింది. రెండు నెలలు "తర్వాత గుర్తుచేయి" నొక్కినవాళ్ళే ఎక్కువగా చిక్కుకున్నారు. మీ కంప్యూటర్లలో రెండు ఇంకా విండోస్ 10 అన్నారు, దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కనీసం బ్యాంకు పని ఆ రెండింటిలో చేయకండి.

ఇంటి నుంచి పనిచేయడానికి రూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి కంప్యూటర్ నడిపే సౌకర్యం) పోర్టు 3389 తెరిచి పెట్టారేమో చూడండి. పైన చెప్పిన సోమవారం ఆఫీసులోకి దొంగ వచ్చింది ఆ తలుపులోంచే. వీపీఎన్ ద్వారా తప్ప అది బయటికి కనబడకూడదు. "మీ కంప్యూటర్లో వైరస్ ఉంది, ఎనీడెస్క్ పెట్టుకోండి" అని (అది మీ కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) ఫోన్ చేసేవాడు ఎవరైనా సరే, ఫోన్ పెట్టేయండి. మీరు పిలవకుండా బాగుచేస్తామని ఎవరూ రారు.

కస్టమర్ల వివరాల గురించి ఒక మాట. దాచినదే పోతుంది. పని అయిపోయిన గుర్తింపు కార్డుల కాపీలు వాట్సాప్ గ్రూపుల్లో, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఏళ్ళ తరబడి పడి ఉంటాయి. చట్టప్రకారం ఉంచాల్సినవి ఒక్క చోట ఉంచి మిగతావి తుడిచేయండి. లాప్‌టాప్‌లకు డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్, మ్యాక్ అయితే ఫైల్‌వాల్ట్ ఆన్ చేసి రికవరీ కీ ప్రింటు తీసుకోండి. పాత కంప్యూటర్ అమ్మేటప్పుడు క్విక్ ఫార్మాట్ కొట్టి ఊరుకోకండి, అది విషయసూచికను చించేయడమే, పేజీలు లోపల అలాగే ఉంటాయి. నేనైతే డిస్కు తీసేసి మిగతాది అమ్ముతాను.

జరగరానిది జరిగితే ముందు నెట్‌వర్క్ కేబుల్ లాగేయండి, వైఫై ఆపండి. కంగారులో బ్యాకప్ డిస్కు తెచ్చి తగిలించకండి, ఉన్న ఒక్కటీ పోతుంది. తెర ఫోటో తీయండి. పాస్‌వర్డ్‌లు వేరే కంప్యూటర్ నుంచి మార్చండి. డబ్బు వెళ్ళిపోతే మిగతావన్నీ వదిలేసి బ్యాంకుకు ఫోన్ చేయండి, అక్కడ గంటలు లెక్క. ర్యాన్సమ్‌వేర్ అయితే డబ్బు కట్టే ఆలోచన చేసేముందు 'నో మోర్ ర్యాన్సమ్' సైటు చూడండి. యూరోపోల్ తదితరులు 2016లో మొదలుపెట్టినది, కొన్ని రకాలకు తాళాలు అక్కడ ఉచితంగా దొరుకుతాయి.

మీరు కార్డు వివరాలో, రోగుల రికార్డులో దాచే వ్యాపారంలో ఉంటే ఈ జవాబు చాలదు, ఆ పని తెలిసినవాళ్ళను డబ్బిచ్చి పిలవండి. అలాగే కంప్యూటర్లు పాతిక దాటితే, వచ్చే హెచ్చరికలను రోజూ చూసే మనిషంటూ ఉంటే, అప్పుడు కొనే యాంటీవైరస్‌కు అర్థం ఉంటుంది. చూసేవాళ్ళు లేకుండా కొనడం దండగ.

డిస్కులు తెచ్చాక ఏ ఫోల్డర్ కాపీ చేయాలో తెలియకపోతే మీ లెక్కల సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్ కింద రాయండి. అది డేటాను ఎక్కడ పెడుతుందో చూసి చెప్తాను.